టీవీ మధ్యలో మసక

టీవీ చెడిపోయిందని మొదట అన్నది మా బావే. బావ అంటే నా భర్త. మేనత్త కొడుకు కావడంతో చిన్నప్పటి నుంచి అలవాటైన పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు. గద్వాల నుంచి ధరూరుకు సొంత జీపు నడిపేవాడు. ఆ దారిలోనే ఒక ఊళ్లో నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. పొద్దున అదే జీపులో, ముందు సీట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో ఇరుక్కుని బడికి పోయేదాన్ని. సాయంత్రం అదే జీపులో తిరిగి వచ్చేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత నాలుగైదేళ్ల నాటి సంగతి ఇది. అప్పటికి ఆ రోడ్డు మీద ఆటోలు ఇంకా ఇంతగా పెరగలేదు. పత్తి ఏరే కూలీలు, బ్యాంకు పని మీద వచ్చే రైతులు, దవాఖానకు వచ్చే బాలింతలు అందరూ జీపుల్లోనే తిరిగేవాళ్లు.

మాది ఇరవై అంగుళాల టీవీ. బిడ్డ తప్పటడుగులు వేసే రోజుల్లో కొన్నాం. బిడ్డ తొమ్మిదో తరగతికి వచ్చింది గాని టీవీకి ఏ రోగమూ రాలేదు. అలాంటిది ఒక ఆదివారం క్రికెట్ ఆట చూస్తూ బావ లేచి వెళ్లి, భుజం మీది తువ్వాలతో టీవీ అద్దాన్ని గట్టిగా తుడిచాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"నడిమిట్ల ఏందో మసక ఉన్నది. తుడిస్తే గూడ పోత లేదు" అన్నాడు.

"మంచిగనే వస్తుంది గద నాయినా" అంది మా బిడ్డ.

"ఏడ మంచిగున్నది? బాలు కనిపిస్తుందా నీకు?"

"కనిపిస్తుంది."

"గా మూలకు రాసిన రన్నులు?"

బిడ్డ చదివి చెప్పింది. బావ మళ్లీ తెర వైపు తిరిగి చూశాడు. తర్వాత, "నీవి లేత కండ్లు గదా" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత కేబుల్ అతన్ని పిలిచి వైరు బాగాలేదని మందలించాడు. అతను వైరు మార్చాడు. అయినా మసక పోలేదన్నాడు. టీవీ మెకానిక్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. అతను వెనక డబ్బా విప్పి, దుమ్ము ఊది, ఒకటి రెండు చోట్ల మీటలు తిప్పి, "అన్నా, దీనికి ఏం గాలేదు. ఇంక పదేండ్లు నడుస్తది" అని చెప్పి వెళ్లాడు. బావకు కోపం వచ్చింది. వాడికి పని రాదన్నాడు. ఆ రోజు నుంచి కుర్చీ ఒక్కో జానెడు టీవీ దగ్గరికి జరుగుతూ వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను గాని దాన్ని గురించి పెద్దగా ఆలోచించలేదు. అప్పుడు నా దిగులు వేరే ఉంది.

ఆ దిగులు రోడ్డు మీది బండి గురించి. బావ డ్రైవింగ్ అంటే మా దారిలో అందరికీ నమ్మకం. గతుకుల రోడ్డు మీద కూడా ఒళ్లో పడుకున్న పసిపిల్ల నిద్ర లేవకుండా తీసుకుపోతాడని ఆడవాళ్లు అనేవాళ్లు. అలాంటి మనిషి కొన్నాళ్లుగా బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడు. స్పీడు బ్రేకరు మీదికి దడాలున ఎక్కించి, "ఇది ఎప్పుడేసిండ్రు?" అని అడిగేవాడు. అది ఎప్పటి నుంచో ఉన్నదే. ఒక పొద్దున ఊరి మొదట్లో ఒక ఎనుము, పెద్ద బర్రె, రోడ్డుకు అడ్డంగా వచ్చింది. నాకు దూరం నుంచే కనబడింది. చూశాడులే అనుకున్నాను. జీపు వేగం తగ్గలేదు. "బావా!" అని నేను అరిచాక బ్రేకు తొక్కాడు. ఎనుము కొమ్ము బానెట్‌కు తగిలి చప్పుడైంది. వెనక కూర్చున్న కూలీలంతా ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఇది ఏడికెల్లి వచ్చె?" అన్నాడు బావ. గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది.

మనసులో ఏదో పెట్టుకొని నడుపుతున్నాడని నేను అనుకున్నాను. మనిషి చిక్కిపోయాడు. బడి దగ్గర నన్ను దింపే లోపల సీసాడు నీళ్లు తాగేసేవాడు, దారిలో మాటిమాటికీ జీపు ఆపి చెట్ల చాటుకు పోయేవాడు. ఎండలు, వేడి చేసింది అనేవాడు. అడిగితే కసిరేవాడు. ఆ రోజు నుంచి ముందు సీట్లో కూర్చుంటే నా కాలి వేళ్లు చెప్పుల్లో బిగుసుకుపోయేవి. పక్కనున్న ఆడవాళ్లు ఏదో మాట్లాడుతుంటే ఊఁ కొట్టేదాన్ని గాని నా చూపు మాత్రం రోడ్డు మీదే ఉండేది. ఎదురుగా ఏది వచ్చినా, "అగో బావా, సైకిలు," "అగో, గొర్లు" అని ముందే చెప్పడం నాకు అలవాటైపోయింది. మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత్తర్వాత విసుక్కోవడం మానేశాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

దసరా సెలవుల్లో బావ ఒక నిర్ణయం ప్రకటించాడు. ఈ టీవీ తీసేసి పెద్దది కొందాం అన్నాడు. ఇరవై తొమ్మిది అంగుళాలది, బల్లపరుపు అద్దం ఉన్నది. గద్వాలలో అంత పెద్దవి ఒకటో రెండో ఉండేవి, అవి కూడా అట్టపెట్టెల్లోనే. వనపర్తిలో ఒక దుకాణంలో అన్నీ వరుసగా పెట్టి, ఆడించి, చూపించి అమ్ముతారని జీపుల స్టాండులో ఎవరో చెప్పారట. మా బిడ్డ ఎగిరి గంతేసింది. నేను వద్దనలేదు. టీవీ బాగుంటే అయినా మనిషి కాస్త కుదుటపడతాడేమో అనిపించింది.

మరుసటి ఆదివారం ముగ్గురం మా జీపులోనే బయలుదేరాం. వెళ్లేటప్పుడు పొద్దున పూట, రోడ్డు మీద పెద్దగా బండ్లు లేవు. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాం. దారి పొడుగునా నేను, "అగో లారీ, అగో బస్సు" అంటూనే ఉన్నాను. వెనక నుంచి మా బిడ్డ, "అమ్మా, నాయినకు కండ్లు లేవా ఏంది? ఊకె చెప్తవు" అని నవ్వింది. బావ కూడా నవ్వాడు. నేను కూడా నవ్వాను గాని ఆ మాట ఎక్కడో ముల్లులా దిగింది.

దుకాణం పొడుగ్గా, సొరంగంలా ఉంది. రెండు గోడల వెంబడీ టీవీలు. అన్నింట్లోనూ ఒకే బొమ్మ ఆడుతోంది. నీళ్లలో రంగురంగుల చేపలు, తర్వాత పూల తోటలు, తర్వాత మళ్లీ చేపలు. అన్ని తెరల మీద ఒకే చేప ఒకేసారి తోక ఆడిస్తుంటే మా బిడ్డ నోరు తెరిచి చూసింది. దుకాణాయన నా ఈడు వాడే. మాకు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు.

"అన్నా, ఇది ఇరవై ఒకటి, ఇది ఇరవై తొమ్మిది. గీ రకం అద్దం గుండ్రంగ ఉంటది, గీ రకం బల్ల లెక్క ఉంటది. బల్ల లెక్కుంటే మూలల కాడ గూడ బొమ్మ వంకర పోదు. కరెంటు ఎక్కువ తక్కువైతే తట్టుకోనీకి స్టెబిలైజరు నేనే ఇస్త" అని ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చాడు.

బావ మొదటి టీవీ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "దీంట్ల నడుమ మసక ఉన్నది" అన్నాడు.

దుకాణాయన దాని దగ్గరికి వెళ్లి చూసి, వెలుతురు పెంచాడు. "ఇప్పుడు?"

"ఉన్నది."

రెండో దాని దగ్గరికి పోయారు. దాంట్లో కూడా ఉందన్నాడు. మూడో దాంట్లో గీతలు వంకరగా పోతున్నాయన్నాడు. దుకాణాయన ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. "అన్నా, కంపెనీ నుంచి వచ్చినై వచ్చినట్టే పెట్టిన. మసక టీవీలు నా దుకాణంల ఎందుకుంటయి?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, నీకు కనిపిస్తుందా మసక?" అని అడిగాడు.

నాకు కనిపించడం లేదు. అన్ని తెరల మీదా చేపలు కడిగినట్టు మెరుస్తున్నాయి. కనిపించడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఉందని కూడా అనలేకపోయాను. చాయ్ గ్లాసు పట్టుకొని అలాగే కూర్చున్నాను. 

దుకాణాయన ఇంకో గిరాకీ వస్తే అటు వెళ్లాడు. మా బిడ్డ రిమోట్ పట్టుకొని ఏవో మీటలు నొక్కుకుంటోంది. బావ ఒక్కడే అన్నింటికంటే పెద్ద టీవీ ముందు నిలబడ్డాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంటూ చేయి ఎడమ కన్ను మీదికి జారింది. అలాగే ఆగిపోయింది. కాసేపటికి చేయి తీసి కుడి కన్ను మీద పెట్టుకున్నాడు. మళ్లీ ఎడమ కన్ను మీద. మళ్లీ కుడి. పసిపిల్లలు దాగుడుమూతలు ఆడినట్టు. వీపు నా వైపే ఉంది కాబట్టి ముఖం కనబడలేదు. వీపు మాత్రం కనబడింది. అది ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆఖరుకు రెండు చేతులూ కిందికి దించి, ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇటు తిరిగి వచ్చినప్పుడు ముఖంలో ఏమీ లేదు. "మీకేది నచ్చితే గది తీసుకుందం. అన్నీ మంచిగనే ఉన్నయి" అన్నాడు.

అప్పటికి నాకు అర్థమైపోయింది. ఎనుము, స్పీడు బ్రేకరు, జరుగుతూ వచ్చిన కుర్చీ, కేబుల్ అతని మీద కోపం అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ జీపులో ఇన్ని రోజులుగా ఎక్కిన ఆడవాళ్లు, వాళ్ల చంకల్లోని పిల్లలు కళ్ల ముందు మెదిలారు. అక్కడే అరవాలనిపించింది. దుకాణంలో నలుగురి ముందు ఏమడగను? మా బిడ్డ పెద్ద టీవీని చూపించి, "ఇదే అమ్మా" అంది. సరే అన్నాను. ఏ కంపెనీదో, ఏ రంగుదో కూడా చూడలేదు. నా జీవితంలో నేను ఏరుకున్న అతి పెద్ద వస్తువు అది. దాన్ని సరిగా చూడకుండానే ఏరుకున్నాను.

దుకాణంలో పనిచేసేవాళ్లు పెట్టెను మోసుకొచ్చి జీపు వెనక ఎక్కించి తాళ్లతో కట్టారు. మా బిడ్డ దాని పక్కన కూర్చొని రెండు చేతులతో పట్టుకుంది. దుకాణాయన, "అన్నా, జర మెల్లగ పో. అద్దం సామాను" అన్నాడు. ఆ మాట పట్టుకొని దారి పొడుగునా నేను, "మెల్లగ బావా, టీవీ ఉన్నది" అంటూ వచ్చాను. టీవీ గురించి కాదని ఆయనకు కూడా తెలుసేమో.  నిజంగానే మెల్లగా నడిపాడు.

పెబ్బేరు దాటి పెద్ద రోడ్డు ఎక్కాక పొద్దు వాలింది. ఎండ మా కుడి పక్క నుంచి నేరుగా బావ ముఖం మీద పడుతోంది. ఎదురుగా వచ్చే లారీలన్నీ ఆ కుడి పక్క నుంచే వస్తాయి. లారీ దగ్గర పడేకొద్దీ జీపు ఎడమకు జరిగేది. వంతెన మీదికి వచ్చాం. నేను కూర్చున్నది ఎడమ పక్క. వంతెన గోడ నా మోకాలి దగ్గరికి వస్తూ పోతూ ఉంది. గోడ అవతల కింద కృష్ణ.  వెనక మా బిడ్డ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఒక బస్సు హారన్ కొడుతూ ఎదురుగా వచ్చింది. జీపు ఇంకా జరిగింది. గోడకు జీపు అంచు గీరుకున్న చప్పుడు విన్నాను. బావ రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు.  నేను అరవలేదు. అరిస్తే చేయి వణుకుతుందని భయం. వంతెన అవతలి ఒడ్డు వచ్చేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.

బీచుపల్లి గుడి దగ్గర చాయ్ కొట్లు కనబడ్డాయి.

"బావా, బండి పక్కకు వెట్టు."

"ఏమాయె? పెట్టె కదిలిందా?"

"పెట్టె కాదు. నువ్వు వెట్టు."

పక్కకు ఆపాడు. ఇంజను కట్టేశాడు. బిడ్డను నీళ్ల సీసా నింపుకురమ్మని పంపించాను. అది దిగి పోయేదాకా ఆగాను.

"ఏ కన్ను బావా?"

ఆయన నా వైపు చూడలేదు. "ఏం కన్ను?"

"దుకాణంల చేయి అడ్డం వెట్టుకొని చూసుకుంటివి గద. నేను చూసిన. ఏ కన్ను?"

 లారీలు పోతుంటే జీపు ఊగుతోంది. తర్వాత మెల్లగా అన్నాడు.

"కుడిది. దాంతోని చూస్తే టీవీనే లేదు. సుట్టూ గోడ ఉన్నది, గోడ మీద గడియారం ఉన్నది. నడుమ బొగ్గు పూసినట్టున్నది."

"ఎడమది?"

"మంచిగనే ఉన్నది. జర మసక. నల్ల చుక్కలు ఈగల లెక్క ఆడుతయి. గంతే."

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"ఇయ్యాలనే. నీ మీద ఒట్టు. టీవీదే అనుకున్న నేను. నిజంగ టీవీదే అనుకున్న." అప్పుడు నా వైపు తిరిగాడు. "ఇంట్ల ఉన్నదానికి తోడు దుకాణంల ఉన్నయి గూడ అన్నీ చెడిపోయినయి అంటే ఏమనుకోవాలె?"

ఆయన అబద్ధం ఆడడం లేదని నాకు తెలుసు. పరేషాన్‌లో ఉన్నప్పుడు బావ ముఖం ఎట్లా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూసినదాన్ని.

"ఇంటిదాక పోనియ్యి. దగ్గరికొచ్చినం గద. మెల్లగ పోత" అన్నాడు.

"వద్దు."

"ఒక్క కన్నుతోని తోలేటోళ్లు లేరా?"

"ఆ ఒక్కటి గూడ మంచిగ లేదంటివి. వెనక పిల్ల ఉన్నది బావా. నేనున్న. రేపు పొద్దున ఆ కూలికి పోయేటోళ్లు ఎక్కుతరు."

"తోలకుంటే నేనేం జేయాలె?" అని ఒక్కసారిగా గట్టిగా అరిచాడు. చాయ్ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు. "చెప్పు. నాకు వేరే పనేం వస్తది? ఏం జేయాలె నేను?"

 బావ స్టీరింగు మీద తల ఆనించాడు. అలాగే ఉండి, తాళంచెవి తీసి నా ఒళ్లో పెట్టాడు.

గద్వాల జీపుల స్టాండులో బావకు తమ్ముడి లాంటి స్నేహితుడు ఉండేవాడు. అతనిది కూడా అదే దారిలో జీపు. చాయ్ కొట్టు దగ్గరి రూపాయి ఫోను నుంచి స్టాండు పక్క కొట్టుకు చేసి, అతన్ని బస్సెక్కి రమ్మని చెప్పాను. అతను వచ్చేసరికి చీకటి పడుతోంది. "ఏమైంది అన్నా?" అని కంగారుగా అడిగాడు. "కండ్లు తిరిగినయి" అని మాత్రం అన్నాడు బావ. స్నేహితుడు తోలుతుంటే బావ సొంత జీపులోనే, ఎడమ పక్క సీట్లో, నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా దీపాలు కనబడ్డప్పుడల్లా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేకు లేకపోయినా.

టీవీ పెట్టెను ముందు గదిలో దించి ఎవరి చోటికి వాళ్లం పోయాం. తాళంచెవి నా బడి సంచిలో, పుస్తకాల అడుగున దాచాను. అడుగుతాడేమో, అడిగితే ఏం చేయాలి, ఇవ్వకపోతే ఏం చేస్తాడు అని అదే ఆలోచన. ఆయన అడగలేదు.

పొద్దున ఎప్పటిలాగే లేచి, స్నానం చేసి, బట్టలు వేసుకున్నాడు. "స్టాండు దాక పోయొస్త" అన్నాడు.  సెలవులైనా సంచి భుజాన వేసుకొని వెనకే నడిచాను. జీపు ఇంటి ముందే ఉంది. దాని పక్క నుంచే చూడకుండా నడిచిపోయాడు.

స్టాండులో రోజూ ఎక్కే ఆడవాళ్లు పది మందిదాకా ఉన్నారు. పత్తి ఏరడానికి సద్దిగిన్నెలు పట్టుకొని నిలబడ్డారు. "బండేదన్నా? పొద్దెక్కుతుంది" అని ఒకామె అడిగింది. బావ వాళ్ల ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఇంకేదో సాకు చెబుతాడనుకున్నాను. బండి ఖరాబైందంటాడేమో, ఒంట్లో బాగా లేదంటాడేమో అనుకున్నాను.

"నాకు కన్ను కనిపిస్త లేదు. ఇంక నేను తోలను. తమ్ముని బండి ఎక్కుండ్రి" అన్నాడు అందరికీ వినబడేలా.

వాళ్లు సద్దిగిన్నెలు కింద పెట్టారు. తర్వాత వాళ్లలో పెద్దామె, బావ చేతి బండిలో ఏళ్ల తరబడి తిరిగినామె, దగ్గరికి వచ్చి ఆయన గడ్డం పట్టుకొని ముఖాన్ని ఎండ వైపు తిప్పి, కళ్లలోకి చూసింది. "పైకి ఏం కనిపిస్త లేదు గద బిడ్డా" అంది. "లోపల ఉన్నది అవ్వా" అన్నాడు బావ. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకొని, స్నేహితుడి జీపు ఎక్కింది. మిగతా వాళ్లు కూడా ఎక్కారు. జీపు కదిలి పోయేదాకా బావ అక్కడే నిలబడ్డాడు. స్నేహితుడికి కూడా నిజం అప్పుడే తెలిసింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

ఆ వారంలోనే కర్నూలులో ఒక కంటి దవాఖానకు పోయాం. కంట్లో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. బావ కళ్లు మూసుకొని గోడకు ఆనుకున్నాడు. ఆ బెంచీ మీద నేను పడ్డ భయం వంతెన మీద కూడా పడలేదు. వంతెనకైతే అవతలి ఒడ్డు కనబడింది. ఇక్కడ తలుపు వెనక ఏముందో తెలియదు. రెండు కళ్లూ పోతే? ఆయన ముఖం చూసినప్పుడల్లా అదే మాట మనసులో తిరిగింది.

డాక్టరమ్మ లోపలికి పిలిచి, దీపం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత రక్తం తీయించింది. కాగితం చూసి, "మీకు షుగర్ ఉందని ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది. ఎవరు చెబుతారు? ఎప్పుడూ జ్వరానికి మాత్ర తప్ప దవాఖాన గడప తొక్కని మనిషి. నీళ్లు తాగడం, చెట్ల చాటుకు పోవడం, చిక్కిపోవడం అన్నీ అదేనట. షుగర్ వల్ల కంటి వెనక పొరలో సన్నని రక్తనాళాలు చిట్లాయట. ఇన్నాళ్లూ కుడి కంటి లోపాన్ని ఎడమ కన్ను కొంత కప్పుకుంటూ వచ్చిందట. ఇప్పుడు ఎడమ దాంట్లో కూడా మొదలైంది కాబట్టే ఎక్కడ చూసినా మసక కనబడిందట.

"కుడి కంటిలో పోయిన చూపు తిరిగి రాదు. ఎడమది మాత్రం లేజర్ చేసి నిలబెట్టే ప్రయత్నం చేద్దాం. ఇంకొంత ఆలస్యమై ఉంటే అదీ కష్టమయ్యేది" అంది.

"బండి తోలొచ్చునా మేడం?" అని బావ అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. బావ తల వంచుకొని, "సరే" అన్నాడు. ఆయనకు జవాబు ముందే తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

లేజర్ కోసం చాలాసార్లు తిరిగాం. ఆ రోజులన్నీ టీవీ పెట్టె ముందు గదిలో మూలకు అలాగే ఉంది. మా బిడ్డ ఒక్కరోజు కూడా విప్పమని అడగలేదు. బడి నుంచి రాగానే దాన్ని చూసీ చూడనట్టు దాటి వెళ్లేది. దీపావళి ముందు ఒక మధ్యాహ్నం బావే కత్తి తెచ్చి పెట్టె విప్పాడు. "పిల్ల కోసం తెచ్చి పెట్టెల ఉంచుకుంటమా?" అన్నాడు. స్నేహితుడు వచ్చి ఎత్తితే తప్ప అది లేవలేదు. గోడలోని గూట్లో పట్టలేదు. అన్నం తినే బల్ల మీద పెట్టాం. చాలా రోజులు మేం కింద కూర్చొనే తిన్నాం.

ఆ పెద్ద తెర మీద, తల కాస్త పక్కకు వంచి, ఎడమ కన్నుతో చూస్తే ఆయనకు ఆటగాళ్ల పోలికలు తెలిసేవి. రన్నులు మాత్రం బిడ్డనే చదివి చెప్పమనేవాడు. ఒకసారి బాలు బౌండరీ దాటుతుంటే ఎవరూ చెప్పకముందే, "పోయె!" అని అరిచాడు. మా బిడ్డ నా వైపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

స్నేహితుడు కొన్నాళ్లు ఒక డ్రైవర్‌ను పెట్టి మా జీపు తిప్పించాడు. తర్వాత అమ్మేశాం. ధరూరు దగ్గర మా అత్తవాళ్ల మెట్ట చెలకలో బావ వేరుశెనగ వేయడం మొదలుపెట్టాడు. మొదటి పంట సరిగా రాలేదు. ఎదురొచ్చినవాళ్లంతా పలకరిస్తే చిరాకుపడేవాడు. కొన్నిరోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రెండో ఏడు చేను దగ్గరే ఎక్కువ ఉండసాగాడు. పొద్దున నాతోపాటే స్నేహితుడి జీపు ఎక్కి, నేను బడి దగ్గర దిగితే తాను ముందుకు పోయేవాడు. ఆ ఆడవాళ్లు ఆయన కోసం ముందు సీటు ఖాళీ ఉంచేవాళ్లు. వద్దని వెనక వాళ్ల మధ్యనే కూర్చునేవాడు.

ఆరు నెలలకోసారి కర్నూలుకు పోవడం మాత్రం తప్పలేదు. ప్రతిసారీ పోయే ముందు వారం రోజులు నాకు తిండి సరిగా పోయేది కాదు. డాక్టరమ్మ దీపం పట్టుకొని ఎడమ కంట్లోకి చూసే ఆ కాసేపు ఆమె పెదవులు ఎప్పుడు కదులుతాయా అని చూస్తూ నిలబడేదాన్ని. "అలాగే ఉంది. పెరగలేదు" అనేది. ఆ మాటతో ఇంకో ఆరు నెలలు గడిచేవి.

ఒకసారి అలా చూపించుకొని బయటికి వచ్చాం. చుక్కల వల్ల ఎండ పడక బావ నా భుజం పట్టుకొని నడుస్తున్నాడు. బస్టాండు ముందు బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తుంటే ఆగిపోయాడు.

"వాసన మంచిగొస్తుంది. తీసుకోవే" అన్నాడు.

"షుగర్ ఉన్నది గద బావా."

"బజ్జీల చక్కెర ఏడుంటదే?"

రెండు ఇప్పించాను. బస్సు వచ్చేలోపల బస్టాండు బెంచీ మీద కూర్చొని తిన్నాడు.